దిగ్నా వదిన బీరువాలో ఉన్న కాపీ

మధ్యాహ్నం రెండు. మా సియెనగ ఊళ్ళో ఆ వేళ కుక్కలు కూడా రోడ్డెక్కవు. మా వెనకగదిలో మాత్రం ఎప్పుడూ చీకటే. పాటలు రికార్డు చేసే గది కదా, కిటికీ లేదు. గోడలకి పాత పరుపులు కొట్టించాడు మా ఆయన అరిస్తిదెస్. ఆయన పోయి ఆరేళ్ళు. నేను చదివింది మూడో క్లాసు, కానీ ఆయన పక్కన కూర్చుని చూసి చూసి కంప్యూటర్ నేర్చుకున్నా. ఇప్పుడు నా తిండి దాంతోనే.

ఆ రోజు సెనెన్ అన్న వచ్చాడు. అకార్డియన్ వాయిస్తాడు. తొమ్మిది రోజుల కింద వాళ్ళబ్బాయి యెసిత్ పడవ తిరగబడి ఉప్పు మడుగులో పోయాడు. అన్న వచ్చిన ఆ రోజు రాత్రికే తొమ్మిదో ప్రార్థన, ఆఖరిది. అది అయ్యాక బల్ల మీది ఫొటో, కొవ్వొత్తులు తీసేస్తారు. పోయినవాడు ఇక ఇల్లు వదిలేసినట్టే. ఈలోగా కొడుకు మా గదిలో పాడిన పాట ఒక్కసారి ఇంట్లో మోగాలని అన్న పట్టు. ఆ పాట నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.

నా దగ్గరా పాడైంది. కిందటి వారం సేవ్ అవుతుంటే కరెంటు పోయింది. ఫైలు తెరుచుకోవట్లేదు.

"వాడి గొంతు మర్చిపోతున్నా చెల్లెమ్మా," అన్నాడు.

ఏడిస్తే ఫైలు బాగవదు, మైకు తడుస్తుంది, అటు జరిగి కూర్చో అన్నా.

పాడైనదాన్ని కెలక్కు, దానికో కాపీ తీసి ఆ కాపీ మీద పనిచెయ్ అనేవాడు మా ఆయన. ఏ పాటకైనా మూడు కాపీలుండాలి, అందులో ఒకటి పరాయింట్లో ఉండాలి అనేవాడు. కంప్యూటర్లోది లేవలేదు. ఇంట్లో డిస్కులోది లేచింది గానీ గొంతు ఉండాల్సిన చోట తెర మీద ఉత్త గీత, చప్పుడే లేదు. మూడోది ఎదురింటి దిగ్నా వదిన బీరువాలో ఉంది. పదిహేను రోజుల కింద నేనే దాపెట్టించింది, అప్పటికి పిల్లాడు బతికే ఉన్నాడు. నా గౌన్లకి లేని మర్యాద మీ డిస్కులకెందుకే అని దెప్పుతూనే, వెళ్ళి అడిగితే తాళం తీసిచ్చింది వదిన.

అది తెరుచుకుంది. గొంతు ఉంది. పాట నాలుగు నిమిషాలది. ఫైలు పదకొండు నిమిషాలు చూపిస్తోంది. మైకు కట్టెయ్యడం మర్చిపోయుంటా అనుకున్నా.

యెసిత్ పాడాడు. అన్న రెండు మోకాళ్ళూ గట్టిగా పట్టుకుని విన్నాడు. పాట అయిపోయింది. తర్వాత ఉత్త గది చప్పుడు... ఎవరో ముక్కు చీదారు... కుర్చీ కిర్రుమంది...

"వాడి గొంతు మర్చిపోతున్నా చెల్లెమ్మా."

స్పీకర్లోంచి. వెనకే నా గొంతు, ఏడిస్తే ఫైలు బాగవదు అంటూ.

అరగంట కింద మేమనుకున్న మాటలవి. పదిహేను రోజులుగా తాళంలో ఉన్న డిస్కులో...

ముక్కలు ముక్కలుగా వచ్చింది. నేను తలుపు తీసి వెళ్ళడం. తిరిగి రావడం. తర్వాత రెండు ఊపిర్లు. మావే. ఇప్పటివే.

అక్కడితో ఆగలేదు.

కుర్చీ జరిగింది. నా గొంతు, "ఎక్కడికన్నా?" అంది. అడుగులు. ఆ తర్వాత మైకుకి బాగా దగ్గరగా, మెల్లిగా యెసిత్ గొంతు... "రా నాన్నా."

స్పీకర్ తీగ పీకేశా. పరుపుల ముక్కవాసనలో మడుగు బురద వాసన కలిసింది.

"పెట్టు చెల్లెమ్మా. వాడు పిలుస్తున్నాడు."

"పాట ఇస్తా. మిగతాది నీది కాదు," అన్నా.

పాటున్న నాలుగు నిమిషాలూ కోసి చిన్న కార్డులోకి ఎక్కించా. మిగతాదంతా చెరిపేశా. కార్డు చాపితే అన్న తీసుకోలేదు. కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

రెండు చేతుల్తో నోరు మూసుకున్నా. ఎక్కడికని నేను అడక్కపోతే జరగదనుకున్నా.

తీగ లేని స్పీకర్ అడిగింది, నా గొంతుతో... "ఎక్కడికన్నా?"

"వాడితో," అన్నాడు సెనెన్ అన్న. నాకు కాదు, దానికి.

తలుపు తీసుకుని ఎండలోకి పోయాడు. వెనకే పరిగెత్తా. మడుగుకి పోయే రోడ్డు తెల్లగా మెరుస్తోంది, అతను తప్ప ఇంకో మనిషి లేడు. పేరు పెట్టి పిలిచా. తిరగలేదు. కుడి చెయ్యి గాల్లోకి చాపి, దేని మీదో ఆనించినట్టు, తీరిగ్గా నడుస్తున్నాడు.

యెసిత్ తండ్రి కన్నా జానెడు పొడుగు. ఆ చెయ్యి సరిగ్గా వాడి భుజం ఎత్తులో ఉంది.