జుట్టు నూనె ప్రకటన

"ఇకమీదట స్పామ్ ఒక్కటి కూడా రాకూడదు." చీఫ్ బట్టతల తడుముకున్నాడు. "పొద్దున్నే జుట్టు నూనె ప్రకటన! ఎగతాళా?"

ఏజెంట్ డేగకు దక్కిన మిషన్ అది. తుపాకీ లేదు, మారువేషం లేదు, ఉన్నదల్లా మెయిల్ సర్వర్. స్పామ్ స్కోరు ఐదు దాటితే ఆపే ఫిల్టర్‌ను రెండుకే ఆపేలా బిగించాడు. ఆపిన ప్రతి మెయిల్‌కూ సర్వర్ "తర్వాత రా" అని చెప్పి పంపేస్తుంది.

కోడ్ సెక్షన్ మేడమ్ పరుగెత్తుకొచ్చింది. "నెమలి నుంచి మెసేజ్ రాలేదేంటి? శాంతి సభలో బాంబు పెట్టారు. ఎక్కడో ఆవిడకే తెలుసు!"

నెమలి శత్రు ముఠా బాస్ పక్కనే నవ్వుతూ తిరిగే డబుల్ ఏజెంట్. డేగకు తుపాకీ పట్టడం నేర్పిందీ ఆవిడే.

"ఎలా పంపుతుంది?"

"జుట్టు నూనె ప్రకటనలా. చెత్త మెయిల్ ఎవరూ చదవరుగా!"

డేగ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. "చీఫ్‌కి చెప్పలేదా?"

"ఆ తల ముందు నూనె మాట ఎలా ఎత్తను?"

మెయిళ్ల రాకపోకలు నమోదయ్యే లాగ్ తెరిచాడు. మెయిల్ వచ్చింది, గుమ్మం నుంచే వెనక్కి వెళ్లింది. మళ్లీ బయల్దేరేదాకా అది నెమలి కంప్యూటర్‌లోనే ఇరుక్కుని ఉంటుంది. ముఠా కంటపడితే ఆవిడ ప్రాణం పోతుంది. ఫిల్టర్ వదులు చేశాడు. అంతకుమించి చేయగలిగింది లేదు. జవాబిస్తే ఆవిడ దొరికిపోతుంది. మళ్లీ ఎప్పుడు పంపాలో ఆ కంప్యూటర్ ఇష్టం. లాటరీలు, అప్పులు, సన్నబడే మందులు వరదలా వచ్చిపడుతున్నాయి. సభలో జనం కూర్చుంటున్నారు. ఇంత చేతకానివాణ్ణని డేగ ఎప్పుడూ అనుకోలేదు.

"రా అక్కా, ఒక్కసారి రా..."

వచ్చింది! *కుడి పాపిడి కింద రాలుతోందా?*

"పాపిడంటే మెట్లు! కుడివైపు మెట్ల కింద!" మేడమ్ ఫోన్‌లో అరిచింది. చివరి సెకనులో బాంబు వైరు తెగింది.

నెమలి ఏమైందో మాత్రం తెలియలేదు. డేగ ఇన్‌బాక్స్ ముందే కూర్చుండిపోయాడు. చీఫ్ కూడా కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు. ఇద్దరికీ అన్నం సయించలేదు.

ఆఖరికి ఒక మెయిల్ వచ్చింది: *బట్టతల బాబాయిలకు సగం ధర!*

మేడమ్ ఎంత తిరగేసినా అర్థం తేలలేదు. "ఇందులో కోడేమీ లేదు సార్."

చీఫ్ కళ్లు తుడుచుకున్నాడు. "లేదమ్మా. బతికే ఉంది. నన్నే వెక్కిరిస్తోంది."