తట్టురాయి దగ్గర దొరికిన ఆధారం

కొవ్వూరు దిగువన ఏటిగట్టు ఒకచోట మోచేతిలా వంగుతుంది. ఆ మలుపులో, గట్టు కింద నీళ్ళ వైపు, నడుమెత్తు రాయి ఒకటుంది. తట్టురాయి అంటారు. చీకటి పడ్డాక అక్కడికి దిగితే వెనకనుంచి ఎవరో వీపు మీద మూడుసార్లు తడతారట. అప్పుడు తిరిగి చూడకూడదు... చూసినవాడు మంచం పడతాడు. అలా పడిందెవరని అడిగితే మాత్రం "మా పెదనాన్న తోడల్లుడికి తెలిసినాయన" అని మొదలెట్టి, టీ తాగేసి లేచి వెళ్ళిపోతారు.

కథ మాత్రం అందరికీ వచ్చు. ఎప్పుడో ఓ వరద రాత్రి మరిడమ్మ తల్లి ఇంటింటికీ తిరిగి, నిద్రపోతున్నవాళ్ళని వీపు తట్టి లేపిందట. ఊరంతా గట్టెక్కాక తను ఆ రాయెక్కి నిలబడింది. గోదారి అమ్మ పాదాల దాకా వచ్చి — ఆగింది. రాయి నెత్తిన జత పాదాలు ఇప్పటికీ ఉన్నాయి.

రాజమండ్రిలో చరిత్ర పాఠాలు చెప్పే లోకనాథ్ మాస్టారికి ఇలాంటివి వింటే నవ్వాగదు. "ఆధారం ఏదండీ?" అంటారు. పెళ్ళిచూపుల్లో అమ్మాయి పాడుతుందంటే, పాడించి విన్నాకే నమ్మారని భార్య సూర్యకళ ఇప్పటికీ ఎత్తిపొడుస్తూ ఉంటుంది.

ఈ ఏడు గట్టు వెడల్పు చేస్తున్నారు. రాయి అడ్డం వచ్చింది. "పాతదని ఆధారం ఉంటే రేపు పదింటిలోపు రాసివ్వండి. లేదంటే పీకేస్తాం" అన్నాడు ఇంజనీరు.

ఆ మాట పట్టుకుని నూకరత్నం మాస్టారి గుమ్మంలోకి వచ్చింది. చేపలమ్ముకునే మనిషి. మొగుడు వల తీసుకుని ఏట్లోకి వెళ్తే, తిరిగొచ్చేటప్పుడు ఒడ్డు కనపడాలని ముప్పై ఏళ్ళుగా పొద్దుండగానే ఆ రాయి దగ్గర దీపం పెట్టి వస్తోంది. రాయి పోతే తన ధైర్యం పోతుంది.

"అమ్మ అక్కడ నిలబడిందని రాయండి బాబూ."

"నేను చూశానా ఏంటమ్మా? చూసిందే రాస్తాను."

"అయితే వచ్చి చూడండి" అంది.

పగలు ఎండలో అరిగిన అక్షరాలు కనపడవు. చీకట్లో టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేస్తే, నీడ పడి పైకి తేలతాయి. అందుకని మాస్టారు రాత్రి తొమ్మిదింటికి గట్టు దిగారు. పసుపూ నూనే పేరుకున్న పొరని నూకరత్నం సాయంత్రమే కడిగి, దండం పెట్టుకుని వెళ్ళింది.

టార్చి వేశారు. రాతి మీద ఏవో గీతలు... అక్షరాలే!

తడి కాగితం రాయికి అతికించి, కుచ్చు బ్రష్‌తో కొట్టడం మొదలెట్టారు. టప్... టప్... టప్... అలా కొడితే కాగితం అక్షరాల గాట్లలోకి దిగుతుంది. తర్వాత పైన నల్లసిరా అద్దితే, అక్షరాలు తెల్లగా మిగులుతాయి. అదే సమయంలో గట్టు మీద వ్యాన్ ఆపిన డ్రైవరు, మండపేట బుజ్జిబాబు, ఆ చప్పుడు విన్నాడు. మర్నాడు టీకొట్టులో "మూడుసార్లా? మూడొందల సార్లు తట్టిందిరా!" అన్నాడట. కథలకి బలం ఇలాగే పడుతుంది.

సిరా పళ్ళెం వెనక పెట్టుకుని, మాస్టారు వంగి అద్దుతున్నారు. గాలి లేదు. దోమలు మాత్రం ఉన్నాయి.

వీపు మీద... ఒకటి.

చెయ్యి ఆగిపోయింది.

రెండు...

మూడు.

మాస్టారు తిరిగి చూడలేదు. ఆ క్షణాన మెడ తిరగనంది.

"మాస్టారూ..." గట్టు మీదనుంచి మెల్లగా పిలుపు. "పులిహోర తెచ్చానండి."

నూకరత్నం! ఓహో, తట్టి పైకెక్కింది ఈవిడా! ప్రాణం లేచొచ్చింది. అడుగుదామనుకున్నారు గానీ, భయపడ్డానని తెలిస్తే పరువేం కాను? మింగేసి, కాగితం మీద టార్చి వేసి చదివారు.

"'విరోధి నామ సంవత్సరం, శ్రావణం. గోదావరి ఇంతవరకు వచ్చె.' కింద అడ్డగీత... పాదాలకి బెత్తెడు కింద. ఇది వరద గుర్తు రాయమ్మా. నీళ్ళెక్కడ ఆగాయో ఎవరో చెక్కించారు. అంతే."

"నేనూ అదే కదండీ చెప్పాను" అంది నూకరత్నం. "పాదాల దాకా వచ్చి ఆగిందని."

మాస్టారు అడ్డగీత మీద మళ్ళీ టార్చి వేశారు. నిజమే. అమ్మ సంగతి ఎలా ఉన్నా, నీళ్ళ సంగతి కథ సరిగ్గానే మోసుకొచ్చింది, చదువురాని నోళ్ళ మీదుగా.

తెల్లారి కూర్చుని రిపోర్టు రాశారు. వరద గుర్తు ఉన్నచోట ఉంటేనే గుర్తు; జరిపితే ఉత్త రాయి; కాబట్టి కదపరాదు. సంతకం పెట్టబోతుంటే పెరట్లోంచి సూర్యకళ పిలిచింది.

"ఏవండీ, చొక్కా వీపు మీద ఈ నల్ల చెయ్యి ఎవరిది?"

"దోమ కుడితే నేనే కొట్టుకుని ఉంటాను."

"వేళ్ళు పైకి ఉన్నాయేంటండి?"

మాస్టారు అద్దం ముందు నిలబడి భుజం మీదుగా తట్టుకుని చూశారు. వేళ్ళు కిందికే వస్తున్నాయి. నడుం దగ్గరనుంచి ప్రయత్నిస్తే అరచెయ్యి ఆనదు. పది నిమిషాలు మెలికలు తిరిగి, నూకరత్నానికి ఫోన్ చేశారు.

"రాత్రి నా వీపు తట్టింది నువ్వేనా అమ్మా?"

"నేనా? గట్టు దిగనే లేదండి. చీకటి పడ్డాక దిగొద్దని మా అమ్మ ఒట్టు." తర్వాత నెమ్మదిగా అంది, "మీరు ఆధారం అడిగారు కదండీ."

నవ్విందో లేదో ఫోన్లో తెలియలేదు. రాత్రి టార్చి చేతిలోనే ఉంది, ఆవిడ చేతులు చూడాల్సింది. చూడలేదు. చరిత్ర మాస్టారు చెయ్యకూడని పొరపాటు.

తొమ్మిదిన్నరకి రిపోర్టు ఇంజనీరుకి చేరింది. రాయి అక్కడే ఉంది, దీపం వెలుగుతూనే ఉంది. సంతకం కింద మాస్టారి చేతిరాతతో ఓ ముక్క ఉంది, అదేంటని ఇంజనీరు ఇప్పటికీ అడుగుతుంటాడు:

"మరొక ఆధారం కూడా నా వద్ద ఉన్నది. జతపరచడం లేదు."