చెప్పుల సైజు మారిందా?

"నాకు చిన్నప్పుడు ఏం పొడిచావమ్మా?!"

గుమ్మంలోంచే అడిగింది కూతురు. చెప్పులు విప్పకుండా హాల్లోకి వచ్చేసింది! ఈ ఇంట్లో ఎవరైనా చెప్పులు విప్పకుండా లోపలికొచ్చారంటే భూకంపమైనా వచ్చుండాలి, కోపమైనా వచ్చుండాలి. తండ్రి సోఫాలో పేపర్ చదువుతున్నారు. రిటైరై నాలుగేళ్లయినా వీధంతా ఆయన్ని సర్వేయరు గారనే అంటుంది. ఆయన పేపర్ని ఇంకాస్త పైకెత్తారు. ఆ పేపర్ ఎంత ఎత్తుకెళ్లిందో చూసి గొడవ ఎంత పెద్దదో చెప్పొచ్చు. ఇవాళ ఆయన తల మొత్తం మాయమైపోయింది.

"ఆస్పత్రి నుంచి కొత్త నర్సట, ఫోన్ చేసింది. చిన్నప్పుడు మీరు గ్రోత్ హార్మోన్ వాడారు కదా, ఇరవయ్యేళ్లుగా మీ అమ్మగారే ఫారం నింపుతున్నారు, మీరెప్పుడో పెద్దవాళ్లయ్యారు, ఇక సంతకం మీరే పెట్టాలి అంది. హార్మోనమ్మా! బలానికి సూదులని కదా నువ్వు చెప్పింది!"

తల్లి చేతిలో దుప్పటి సగం మడతలోనే ఆగిపోయింది. ఈ రోజొకటి వస్తుందని ఇరవయ్యేళ్లుగా తెలుసు. ఏం చెప్పాలో కూడా వందసార్లు అనుకుని పెట్టుకుంది. తీరా వచ్చాక నోట్లోంచి వచ్చిన మాట మాత్రం...

"కాఫీ తాగుతావా?"

ఎనిమిదేళ్ల వయసులో ఆ పిల్ల బెంచీ మీద కూర్చుంటే కాళ్లు నేలకి అందేవి కావు. క్లాసు ఫోటోలో ముందు వరసలో, పలక పట్టుకుని... అందరూ "బుడ్డీ" అనేవాళ్లు. పరీక్షలన్నీ చేసి, ఎదగడానికి కావలసింది ఒంట్లో తయారవడం లేదు, రోజూ ఒక సూది, ఆరేళ్లు అన్నాడు డాక్టరు. దాచకుండానే చెప్పాడు పాపం. "ఈ మందు వాడిన పిల్లలు ఇప్పటిదాకా చూసినంతలో చాలావరకు బాగానే ఉన్నారమ్మా. కానీ ముప్పై, నలభై ఏళ్లు పోయాక ఎలా ఉంటారన్నది ఇంకా చూస్తూనే ఉన్నాం. అందుకే ఏటా ఒక ఫారం నింపాలి. ఇక్కడ సంతకం పెట్టండి." ఆవిడ పక్కకి తిరిగి భర్త వైపు చూసింది. "స్కూటర్‌కి తాళం వేశానో లేదో చూసొస్తా" అని ఆయన లేచి వెళ్లారు. సంతకం అయిపోయాక వచ్చారు. "వేసే ఉంది" అన్నారు!

హార్మోనని బయట చెబితే పిల్లకి ఏదో అయిందనుకుంటారని అత్తగారు భయపడింది. అందుకని అది బలానికి సూది అయింది. రోజూ అన్నాలయ్యాక ఆవిడ సూది తీసే సమయానికి సర్వేయరు గారికి మొక్కలు గుర్తొచ్చేవి. ఆరేళ్ల పాటు ఆ మొక్కలు మునిగినంతగా ఇంకే మొక్కలూ నీళ్లలో మునిగి ఉండవు! ఫ్రిజ్‌లో మందు పెట్టె, కరెంటు పోతే ఐసు కోసం పరుగులు, పిల్ల తొడ మీద ఇవాళ కుడి, రేపు ఎడమ... అన్నీ ఆవిడే. పిల్ల పెరిగింది. "మా వంశంలో అందరూ పొడుగే" అని అత్తగారు చెప్పుకుంది. ఆ అత్తగారికే స్టూలెక్కితే గానీ అల్మారా పై అర అందేది కాదు. "నెలనెలా టేపు పెట్టి కొలిచింది నేనే కదా" అని భర్త చెప్పుకున్నారు. సూది పొడిచినావిడ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తు చేస్తే రహస్యం బయటపడుతుందని ఆవిడే నోరు మూసుకుంది.

కానీ ఆ సంతకం మాత్రం ఆవిడ గుండెల మీద కూర్చుంది. పిల్ల తలపట్టుకుంటే చాలు, ఆవిడ పని వదిలేసి పరిగెత్తేది. పెళ్లి చేసి పంపాక ప్రతి ఆదివారం పదింటికి ఫోను. "తలనొప్పిగా ఉందా? చూపు మసకేస్తోందా? మోకాళ్లు? నడుము? చెప్పుల సైజేమైనా మారిందా?" ఫారంలో ఉన్న ప్రశ్నలు, అదే వరసలో! అల్లుడు ఫోన్లో ఆవిడ పేరు "తలనొప్పి అత్తయ్య" అని పెట్టుకున్నాడు. కూతురు మొదట్లో నవ్వేది. తర్వాత విసుక్కునేది. ఈమధ్య "బతికే ఉన్నానమ్మా, సైజు ఆరే" అని పెట్టేసేది. కొన్ని ఆదివారాలు అసలు ఎత్తేదే కాదు. మోగి మోగి ఆగిపోయిన ఫోను పట్టుకుని ఆవిడ ఆ వంటింట్లో ఒక్కత్తే అలా నిలబడే ఉండేది...

"నాకు తప్ప అందరికీ తెలుసన్నమాట!" కూతురు కాఫీ మాట పట్టించుకోలేదు.

"అందరికీ ఎక్కడే... నాన్నకీ నానమ్మకీ హార్మోనని తెలుసు. ముందు ముందు ఎలా ఉంటారో తెలీదని డాక్టరు అన్న మాట మాత్రం నేనొక్కదాన్నే మోశాను. నీకు చెబితే భయపడతావని..."

"నా బదులు భయపడటం కూడా నువ్వే చేసేస్తావా?!"

ఆవిడ దుప్పటి పక్కన పెట్టింది. అల్మారాలో చీరల అడుగునుంచి ఒక ఫైలు తీసి చేతిలో పెట్టింది. ఆస్పత్రి వాళ్లు ముద్రేసి తిరిగి పంపిన కాపీలు. ఇరవై.

కూతురు నిలబడే తిప్పింది. తలనొప్పి, లేదు. చూపు, బాగుంది. చెప్పుల సైజు, ఆరు. ఆఖరి గడిలో 'ఇంకేమైనా మార్పులు గమనించారా?' అని ఉంది. దాని కింద అమ్మ గుండ్రటి అక్షరాలు. మొదటి ఏడు: "నిద్రలో నవ్వింది." పధ్నాలుగో ఏట: "అద్దం ముందునుంచి లేవడం లేదు." హాస్టల్‌కి వెళ్లిన ఏడు: "ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. ఇది పాప లక్షణం కాదు, మాది. అయినా రాస్తున్నాను." పోయినేడు: "ఫోన్ ఎత్తడం తగ్గించింది. ఈ మందు వాడిన పిల్లలందరూ ఇంతేనా? మందు వల్లేనంటారా?"

దాని కింద ఎర్ర సిరాతో పాత నర్సు జవాబు: "కాదండీ. దీనికీ మందుకీ సంబంధం లేదు."

కూతురు కూర్చుంది. మెల్లగా చెప్పులు విప్పింది.

"నువ్వా సంతకం పెట్టకపోయుంటే?"

"బుడ్డిగానే ఉండేదానివి. అప్పుడూ బాగానే ఉండేదానివేమో తల్లీ... ఆ మాట నాకెవరూ చెప్పరు కదా! ఇకముందు ఏమవుతుందో అదీ చెప్పరు..." ఇరవయ్యేళ్ల ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది ఆవిడకి.

"నాకు చెప్పాల్సిందమ్మా. చెప్పకపోవడం తప్పే." కూతురు కళ్లు తుడుచుకుంటూనే అంది. అని లేచి, తల్లి తలని తన భుజానికి ఆనించుకుంది. అందడానికి ఆవిడ కాస్త మునివేళ్ల మీద లేవాల్సొచ్చింది!

అప్పుడు పేపర్ కిందకి దిగింది.

"ఆ రోజు..." సర్వేయరు గారు కళ్లద్దాలు తీశారు. "స్కూటర్‌కి తాళం వేశానని నాకు తెలుసే."

ఆయన లేచి కాఫీ పెట్టడానికి వెళ్లారు. వంటింట్లోంచి "పంచదార ఎక్కడుంటుంది?" అని వినిపించింది. ముప్పయ్యేళ్లుగా అక్కడే ఉంటోంది.

ఈ ఏడు ఇంటికొచ్చిన కొత్త ఫారం కూతురు పట్టుకెళ్లిపోయింది. తనే నింపుకుంటుంది, తనే సంతకం పెట్టుకుంటుంది, తనే డాక్టర్ని కలుస్తుంది. న్యాయమే. కానీ ఆదివారం పది కొట్టేసరికి ఆవిడకి ఏం చెయ్యాలో తోచలేదు. ఫోన్ చేసి ఏమని అడగాలి? అడగడానికి ఇప్పుడు తన దగ్గర ప్రశ్నలే లేవు! వంటింట్లో ఖాళీ చేతులతో నిలబడింది...

ఫోన్ మోగింది.

"తలనొప్పిగా ఉందా?" అంది కూతురు.

"ఎవరికే?"

"నీకే. చూపు మసకేస్తోందా? మోకాళ్లు? నడుము? చెప్పుల సైజేమైనా మారిందా?"

ఆవిడ కిందకి చూసుకుంది. కళ్లకి కాళ్లు సరిగ్గా కనిపించలేదు.

"అదే సైజు... ఒకటి తెగితే పిన్నీసు పెట్టాను."

"రాసుకున్నా. ఇంకేమైనా మార్పులు గమనించారా?"

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అవతల కూతురు పెట్టెయ్యకుండా ఆగింది.

"ఇవాళ ఫోన్ మోగింది" అంది ఆవిడ. "రాసుకో."