ఆకుపచ్చ చుక్క

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినమని మా అమ్మాయి ఊరందరికీ చెబుతుంటుంది. నిజమే. నాచారం దోమలు పావురాలంత ఉంటాయనీ, ఉప్పల్ చౌరస్తాలో ఓసారి బస్సు ఆగిపోతే, అది కదిలేసరికి నా చంకలోని చంటిపిల్ల బడికెళ్ళే వయసుకొచ్చిందనీ ప్రచారం చేసింది నేనే. ఇది మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఒక్క దోమను కూడా పెంచలేదు.

మా మనవరాలు విజయశ్రీ నా దగ్గరే ఉండి ఇంజనీరింగు చదువుతోంది. అరచేతిలో ఇమిడే బోర్డు ఒకటి తెచ్చి, పాత వీడియో గేములన్నీ అందులోకి ఎక్కించింది. టీవీకి తగిలిస్తే చాలు, ఆట మొదలు. దానికిక ఓ డబ్బా కావాలి. అది పాతకాలందిలా కనపడాలట.

"బోర్డు కొత్తదీ డబ్బా పాతదీ ఏవిటే?"

"అదే ఫ్యాషన్ అమ్మమ్మా. నీకు తెలీదులే."

నాకు తెలీకపోవడమా! పెళ్ళై కాకినాడ నుంచి వచ్చాక నేను పనిచేసింది ఈ నాచారంలోనే, వీడియో గేములు బిగించే చిన్న కంపెనీలో. దేశంలో సగంమంది పిల్లల చదువు చెడింది ఈ చేతుల చలవే.

సరే, డబ్బాల స్వయంవరం జరిగింది. ఉప్పల్లో ఒకాయన మెషీన్ మీద ప్లాస్టిక్కుతో అచ్చుతీసి ఇచ్చిన బుల్లి టీవీలాంటి డబ్బా ముద్దొచ్చింది గానీ, బోర్డు వేడికి అప్పడంలా వంకర తిరిగింది. బిస్కట్ల రేకుడబ్బా చూపిస్తే, అందులో వైఫై అందదంది పిల్ల. మా ఆయన రేడియో చెక్కపెట్టె తెరిస్తే బొద్దింకలు తాతముత్తాతలతో సహా బయటికొచ్చాయి.

అప్పుడొచ్చింది పక్క వాటాలో ఉండే మల్లవ్వ. మేమిద్దరం ఆ కంపెనీలో ఒకే బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళం. కంపెనీ మూతపడినా మేం విడిపోలేదు. నా కాన్పుకి దవాఖానాలో రాత్రంతా నిలబడింది ఆవిడ. ఆవిడ కూతురి పెళ్ళికి అరిసెలు వండింది నేను. మల్లవ్వ కొంగు కింద నుంచి ఏదో తీసింది.

"అక్కా, గిది సూడు. పనికొస్తదా?"

బూడిదరంగు డబ్బా. ముందు ఎర్రగీత. రెండు జాయ్‌స్టిక్కులు. మా కంపెనీదే. విజయశ్రీ గంతేసింది.

"ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే దొంగమొహమా?"

"నీ కోసమే దాసిన" అంది మల్లవ్వ. నవ్వలేదు.

పిల్ల దాని పాత సామానంతా పీకేసి బోర్డు లోపల కూర్చోబెట్టింది. నేను మూతపెట్టి స్క్రూ బిగించాను. మల్లవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"నీ సుక్క వెట్టక్కా. ఎన్కటి లెక్కనే."

మా కంపెనీ పద్ధతి అది. డబ్బా బిగించిన మనిషి స్క్రూ మీద గోళ్ళరంగు చుక్క పెట్టాలి. నాది ఆకుపచ్చ, మల్లవ్వది నారింజ. ఎవరి చుక్క ఉంటే పూచీ వాళ్ళది. చెడిపోయి తిరిగొస్తే వాళ్ళ బల్ల మీదికే వస్తుంది. విజయశ్రీ గోళ్ళరంగుల బుట్ట ముందేసుకుని వెతికాను.

"ఆ వంకాయపువ్వు రంగు మాత్రం ముట్టుకోకు అమ్మమ్మా. మా ఫ్రెండు స్వర్ణలత పెళ్ళికని కొన్నాను. సీలు కూడా తీయలేదు."

ఆకుపచ్చ దొరికింది. సంబరంగా చుక్క పెట్టాను. మల్లవ్వ గట్టిగా ఊపిరి వదిలింది. మోకాళ్ళ నొప్పి అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం వాన. వీధిలో ఓడలు నడపొచ్చు, అంత వాన. పిల్ల ఇంకా కాలేజీ నుంచి రాలేదు. సరదాపుట్టి టీవీ పెట్టి పడవల పందెం తీశాను. నా పడవ కదిలింది. రెండో పడవ ఒడ్డున ఊగుతోంది.

కరెంటు పోయింది.

టీవీ ఆరిపోయింది. మబ్బు కిటికీల్లోంచి ఇంట్లోకి దిగినట్టు గదంతా బూడిదగా అయింది. పైన రేకుల మీద వాన, సన్‌షేడ్ అంచు నుంచి బకెట్లోకి ధార. కాసేపటికి ఆ చప్పుళ్ళ మధ్య ఒక వాసన... సోల్డరింగ్ పొగ. దాని వెనకే కొబ్బరినూనె. ఆ వెనక, కాలిన జుట్టు.

టిక్.

నేను చెయ్యి కదపలేదు.

టిక్... టిక్.

రెండో జాయ్‌స్టిక్ నేల మీద ఉంది. దాని తీగ మెల్లగా బిగుసుకుంటోంది... ఎవరో ఒళ్ళోకి లాక్కుంటున్నట్టు.

ఆ నొక్కుడు నాకు తెలుసు. అది అనంతలక్ష్మిది. మా కంపెనీలో ప్రతి డబ్బానూ బిగించే ముందు ఇద్దరు కూర్చుని ఆడి చూడాలి. ఓ వానాకాలం అలా ఆడుతూ, ఆట మధ్యలో, కరెంటు కొట్టి పోయింది ఆ పిల్ల. ఆట సగంలో ఆగిన ఆ డబ్బాకి మూత పెట్టకూడదని మేమంతా ఒట్టేసుకున్నాం. అది నోరు తెరుచుకుని బీరువా మీదే ఉండేది. కంపెనీ మూసిన రోజున అది కనపడలేదు.

టార్చి తెచ్చి నా చుక్కని ఓ అంచున గోటితో గీరాను. కింద స్క్రూ గాడిలో నారింజ రంగు.

పక్క వాటాకి పరిగెత్తాను. మల్లవ్వ సంచి సర్దుతోంది. నాగారంలో కూతురింటికట.

"అది అనంతలక్ష్మి డబ్బానా?"

"మెల్లగ అక్కా. అది మన మాటలు ఇంటది."

"మూత ఎవరు పెట్టారే?"

"నేనే. మస్తుగుందని ఇంటికి తెచ్చిన. మూతవెట్టి నా సుక్క వెట్టిన. గప్పటిసంది దినాం పొద్దుగూకంగ వస్తది. ఆడుమంటది." చేతులు చూపించింది. బొటనవేళ్ళు కాయలు కాసి నల్లగా ఉన్నాయి. "ఇంకొకల సుక్క వడితెనే నన్ను ఇడుస్తది."

"ఇంత ఊళ్ళో నేనే దొరికానా?"

సంచి ముడి బిగిస్తూ అంది, చాలా నెమ్మదిగా. "ఇంకెవలకన్న ఇస్తే నల్గురికి జెప్పి నా మీదికొస్తరు. నువ్వు జెప్తే ఎవ్వలు నమ్మరు గదక్కా."

ఆటో వచ్చింది. ఎక్కింది. వెనక్కి చూడలేదు.

తెల్లారి డబ్బాని చర్లపల్లి పాతసామాను కొట్లో పడేసి వచ్చాను. పొద్దువాలేసరికి మళ్ళీ మా టీవీ కింద ఉంది. మా అమ్మాయికి ఫోను చేసి చెబితే, "దెయ్యం దోమంత ఉందా అమ్మా, పావురమంతా?" అని నవ్వింది.

ఆ సాయంత్రం మొదటి జాయ్‌స్టిక్ ఒళ్ళో పెట్టుకుని, పక్కన వేసిన ఖాళీ పీటతో మాట్లాడాను.

"నేను ఆడతాను. నా ప్రాణం ఉన్నంతకాలం రోజూ ఆడతాను. నా పిల్ల జోలికి మాత్రం రావద్దు. ఒప్పుకుంటే ఒక్కసారి నొక్కు."

రెండో జాయ్‌స్టిక్ తీగ బిగుసుకుంది. తరవాత...

టిక్.

నమ్మాను. ఒకే బల్ల దగ్గర తిన్నవాళ్ళం. ఆ పిల్లకి గోంగూర పచ్చడి కలిపి పెట్టిన చెయ్యి ఇది. అప్పటి నుంచీ పిల్ల ఇంటికి రాకముందే ఆడేస్తున్నాను. గెలవనివ్వదు. ఓడనివ్వదు. విజయశ్రీని దాన్ని ముట్టుకోవద్దన్నాను. పాపం, ముట్టుకోలేదు.

ఇవాళ పొద్దున టీవీ కింద దుమ్ము తుడుస్తూ డబ్బా తిరగేశాను.

నా ఆకుపచ్చ చుక్క లేదు. శుభ్రంగా గీకేసి ఉంది. దాని చోట వంకాయపువ్వు రంగు. తడి... నా వేలికి అంటింది.

పిల్ల ఇంకా నిద్రలోనే ఉంది. రెండు చేతులూ దుప్పటి మీద ఉన్నాయి. గోళ్ళకు ఏ రంగూ లేదు. బుట్టలోంచి ఆ సీసా తీసి కిటికీ వెలుగులో పట్టుకున్నాను.

సీలు ఊడలేదు. లోపల రంగు మాత్రం సీసా మెడ నుంచి కిందికి దిగి ఉంది.