వంటింటి జాడ

పదకొండో సీసా పైకి వచ్చేసరికి నూకరత్నం చేతి తొడుగులు నాలుగోసారి మార్చుకుంది. మంచులో తొలిచిన బావి మీద కప్పీ ఆగింది. నాలుగు వందల మీటర్ల లోతు నుంచి వచ్చిన ఐదు లీటర్ల నీళ్లు చూడ్డానికి కుళాయి నీళ్లలాగే ఉన్నాయి. బల్లను బ్లీచింగుతో తుడిచి, ఆ నీళ్లను రూపాయి బిళ్లంత వడపోత గుండా పంపి, బిళ్లను పట్టకారుతో తీసి నీటిచదువరి యంత్రం నోట్లో పెట్టింది. వెంటనే ఏమీ లేని శుద్ధజలాన్ని కూడా మరో బిళ్ల గుండా పంపింది. ప్రతి సీసాకీ ఇలా ఒక ఉత్త బిళ్ల ఉండాలి. అందులో ఏదైనా జాడ కనిపిస్తే తప్పు సముద్రానిది కాదు, చేతులది.

నీటిచదువరికి ప్రాణి కళ్ల ముందు ఉండక్కర్లేదు. ఆ దారిన ఈదిపోయినది పెంకు రజనో, మలమో వదలక తప్పదు, ఆ రజనులోని డీఎన్ఏ చాలు. చదివి, నామకోశంలో వెతికి, ఎవరు వెళ్లారో జాడపట్టీలో రాసేస్తుంది. క్రిల్ పిల్లలు, కోపెపాడ్లు, ఆంఫిపాడ్లు, రొయ్యల చుట్టాల్లో కంటికి ఆననివన్నీ వరసగా దిగుతాయి. పట్టీలో అన్నీ పేరున్నవే అయితే, సీజను చివరి రోజు సాయంత్రం నాలుగింటికి అది తనంతట తాను మూసుకుంటుంది, ఆ నిమిషంలోనే ఈ సముద్రఖండం వలలకు తెరుచుకుంటుంది. ఒక్క కొత్త జాతి తేలితే మాత్రం ఖండానికి శాశ్వతంగా తాళం. ఇందులో మనిషి మాటకు చోటు లేదు. మనుషుల మాట నడిచిన రోజుల్లో మూడు సముద్రాలు ఖాళీ అయ్యాక, యంత్రానికి అప్పగించి అందరూ చేతులు దులుపుకున్నారు.

ఇవాళే చివరి రోజు. మంచు అంచున నలభై వల ఓడలు కాచుకుని ఉన్నాయి. రేపు వచ్చే ఓడ స్థావరంలోని వాళ్లందరినీ ఎక్కించుకుని ఉత్తరానికి వెళ్లిపోతుంది.

పదకొండో సీసా పట్టీ తెర మీదకు వచ్చింది. ముప్పై ఒక్క పేర్లు, అన్నీ తెలిసినవే. అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో వరస ఉంది. వంటింటి జాడ: పద్నాలుగు. ఆ వరసను ఎవరూ చదవరు. నూకరత్నం అసలే చదవదు, ఎందుకంటే అది పుట్టింది ఆమె పుణ్యమానే.

ఆమెది భీమిలి దగ్గర జాలరిపేట. ఎండు రొయ్యల పొడి లేకపోతే ముద్ద దిగదు. పోయినేడు ఆ పొడి అంటిన వేళ్లు, చిరిగిన తొడుగు కలిసి నీటిచదువరి చేత ఒక ఘనకార్యం చేయించాయి. దక్షిణ ధ్రువపు మంచు కింద బంగాళాఖాతపు రొయ్యలు తిరుగుతున్నాయని అది ప్రకటించింది. పొడిలో కలిసిన కూనరొయ్యల్లో సగానికి నామకోశంలో పేర్లే లేవు. అన్ని స్థావరాలూ నెల్లాళ్లు నవ్వుకున్నాయి, ఆమె రొయ్యల రత్నం అయిపోయింది. చేతి మురికిని ఏరేసే నియమాలు ఒక్కటే స్థావరాల చేతిలో ఉంటాయి, స్థావరాధిపతి శరభయ్య ఆ రచ్చ మళ్లీ రాకుండా యంత్రానికి అలాంటిదొకటి నేర్పాడు. రొయ్యల చుట్టమై ఉండి, ధ్రువజీవుల్లో పేరు లేనిదైతే, వంటింటి జాడ కింద వేసి చెరిపెయ్. పరువు నిలబెట్టాడని అప్పట్లో ఆమె ఆయనకు దండం కూడా పెట్టింది.

ఇవాళ ఎందుకో ఆమె కన్ను ఆ పద్నాలుగు మీద పడింది. కానీ ఈ ఏడు ఆమె పొడి తేలేదు.

ఆ సంగతి తట్టగానే ఆమె పట్టకారు కింద పెట్టింది. వెళ్లి శరభయ్యతో చెప్పింది. ఆయన మంచివాడే, ముప్పై ఏళ్లు సముద్రజీవులతో గడిపినవాడు, అయితే ఒకసారి నవ్వులపాలైనవాడు. పెట్టె అడుగున ఎక్కడో పొట్లం ఉండే ఉంటుందనీ, చివరి రోజున కొత్త గొడవ వద్దనీ అన్నాడు.

"నేదండి. మా అత్త ఇస్తానన్నా ఒద్దనేశాను. ఉత్త బిళ్ల సూడండి, సున్నా ఉంది. నా చేతిదే అయితే అందులోనూ ఉండాలి కదండి."

శరభయ్య ఉత్త బిళ్లను చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని, యంత్రం చెరిపేసినవన్నీ పోగయ్యే చెరిపివేతల గోదాం తెరిచాడు. సీజనంతా యంత్రం వంటింటికి తోసేసిన జాడలు రెండు వందల ఆరు. అన్నీ లోతు నీళ్లవే, అన్నీ ఒకే ప్రాణివి. నామకోశంలో దానికి అతి దగ్గర చుట్టం కూడా ఎంతో దూరపు చుట్టం. మంచు ఈ సముద్రాన్ని కప్పినప్పుడే అది బంధువుల నుంచి విడిపోయి ఉండాలని, అంటే మూడు కోట్ల ఏళ్లయి ఉంటుందని ఆయన గొణిగాడు. తన పొడి వల్ల ఇంతకాలం దాన్ని చెత్తబుట్టలో వేశామని నూకరత్నానికి ఏడుపొచ్చింది.

జాడ ఉంటే చాలదు. కొత్త పేరు నమోదు కావాలంటే దేహం చూపించాలి. అప్పటికి ఉదయం పదిన్నర. ఆమె బావిలోకి దీపపు వల దించింది. ఒంటిగంటకు తీస్తే అన్నీ తెలిసినవే. మళ్లీ దించింది. మూడింటికి రెండు నిమిషాల ముందు, వల అడుగున, సగం బియ్యపు గింజంత నలుసొకటి కదిలింది.

గాజుగిన్నెలోకి మార్చి సూక్ష్మదర్శిని కింద పెట్టి ఇద్దరూ వంతులవారీగా వంగి చూశారు. ఒళ్లంతా పారదర్శకం. లోపల గుండె కనిపిస్తోంది. అది ఒకసారి కొట్టుకుని ఆగిపోయింది. చచ్చిపోయిందేమోనని నూకరత్నం హడలిపోయింది. పదకొండు సెకన్ల తర్వాత మళ్లీ కొట్టుకుంది. తోక కింద సంచిలో ఏడు గుడ్లు, ఒక్కో గుడ్డులో ఒక్కో ఎర్రటి చుక్క. అవి కళ్లు. ఇంకా పుట్టని ఆ కళ్లు దీపం వైపు తిరిగి ఉన్నాయి. ఆమె తనకు తెలియకుండానే దీపం తగ్గించింది.

గిన్నెలో నీటిబొట్టు చదివిస్తే అదే ప్రాణి. డీఎన్ఏ మీద ఏళ్లు పేరుకున్న కొద్దీ పడే మచ్చలను లెక్కించి చదువరి వయసు కూడా చెబుతుంది. ఈ జాతులకు అది నెలల్లో వస్తుంది. మూడు వందల నలభై ఏళ్లని వచ్చింది. శరభయ్య మళ్లీ చదివించాడు, మళ్లీ అదే వచ్చింది. ఏ సముద్రం మీదా ఇంజను మోగని రోజుల్లో పుట్టి, చీకట్లో, ఎవరి లెక్కలోకీ రాకుండా బతుకుతూ వచ్చింది. ఆ ముసలాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

మూడున్నరకు ఆయన నూరుడు గొట్టం తెచ్చాడు. కొత్త పేరుకు యంత్రం అడిగేది అదే. దేహాన్ని మొత్తంగా నూరి ఇవ్వాలి. పది నిమిషాల పని. తనకూ మనసొప్పడం లేదని, కానీ ఈ ఒక్కటి పోతే మిగతావన్నీ బతుకుతాయని, నాలుగు దాటితే నలభై వలలూ దిగుతాయని నచ్చచెప్పాడు.

"మిగతావి ఉన్నాయాండి?" అంది నూకరత్నం. "రెండొందల ఆరు జాడల డీఎన్ఏలో ఒక్క అక్షరం తేడా నేదు. అన్నీ దీనివేనేమో."

శరభయ్య గిన్నె వంక చూశాడు. గొట్టాన్ని బల్ల మీద పెట్టేశాడు.

ఆమె నమోదు పత్రం తెరిచి, నూరిన మాదిరి అన్న గడి దాటి కిందికి వెళ్లింది. దిగువన, వాడుక పోయినా ఎవరూ తీసెయ్యని గడి ఒకటి ఉంది. భద్రపరచిన మాదిరి. మ్యూజియాల కాలం నాటిది. ప్రాణిని నూరకుండా ఒకచోట దాచవచ్చు. దాచిన చోటును ఎవరూ కదిలించకూడదు, కాపలా మనిషి అక్కడే ఉండాలి. ఆ రోజుల్లో దాచిన చోటంటే సారాయి సీసా, చెక్క బీరువా. చోటుకు గోడలుండాలని మాత్రం ఎక్కడా రాసి లేదు.

ఆమె గిన్నె తీసుకుని బావి దగ్గరకు నడిచింది. శరభయ్యకు అర్థమై లేచేలోపే మోకాళ్ల మీద కూర్చుని గిన్నెను నీళ్లలో ముంచి వంచింది. ఆ నలుసు ఒక క్షణం అంచున తచ్చాడి, కిందికి దిగిపోయింది. ఇక నూరడానికి ఏమీ లేదు. తను తప్పు చేసి ఉంటే ఈ సముద్రం పోయినట్టే. ఖాళీ గిన్నెతోనే ఆమె తెర దగ్గరకు పరుగెత్తింది.

మూడూ యాభై నాలుగు. భద్రపరచిన చోటు అన్న గడిలో ఈ సముద్రఖండపు అక్షాంశ రేఖాంశాలు, ఉపరితలం నుంచి అడుగు దాకా లోతు రాసింది. పత్రం అక్కడే నిలిచిపోయింది. యంత్రం నియమాలన్నీ వెతుక్కుంటోంది. మూడూ యాభై ఏడుకు తదుపరి గడి తెరుచుకుంది. కాపలా మనిషి పేరు అడుగుతోంది. ఆమె తన పేరు రాసింది.

గాలికి పోయే కంపను ఒంటికి తగిలించుకుంటున్నావని శరభయ్య అన్నాడు. రేపు ఓడ వెళ్లిపోతే వసంతం దాకా ఇక్కడికి ఎవరూ రారు, రాలేరు.

"తొమ్మిది నెలలు, రత్నం. అందులో నాలుగు నెలలు సూర్యుడే ఉండడు."

"అది మూడొందల నలభై ఏళ్లుగా ఉంటోందండి. నేను తొమ్మిది నెలలు ఉండలేనా?"

నాలుగు గంటలైంది. పట్టీ మూసుకోలేదు. తెర మీద నలభై ఓడల చుక్కలు ఒక్కొక్కటిగా వెనక్కి తిరుగుతున్నాయి. కాపలా మనిషి గడి కింద ఇంకో ఖాళీ వరస ఉంది. శరభయ్య కుర్చీ దగ్గరకు లాక్కుని, తన పేరు కూడా రాశాడు.