‘రెండో లంగరు’ ఏ సర్వీసులో వస్తోంది?

నూట నలభై మూడో మీటరు యాభై ఏడు చూపించింది. సుభాని దాన్ని అరచేత్తో రెండు తట్లు తట్టాడు. అయినా యాభై ఏడే.

వైరింగ్ చూశారా అని అడిగింది డాక్టర్ దమయంతి. చూశానన్నాడు. బ్యాటరీ మార్చాడట, మీటరే మార్చి కొత్తది పెట్టాడట, అదీ ఇంతే చెప్పిందట. ముప్ఫై ఏళ్లుగా కాకినాడలో ఫ్యాన్ల దగ్గర్నుంచి లిఫ్టుల దాకా బాగుచేసిన చెయ్యి అతనిది. అలాంటి మనిషి బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడంటే విషయం తేలికది కాదన్నమాట.

ఇక్కడ కాస్త ఆగి ఈ మీటరేమిటో చెప్పాలి. లేకపోతే యాభై ఏడంటే జ్వరమా, లెక్కల్లో మార్కులా అని మీరు తికమకపడతారు.

ఇది 2061 నాటి సంగతి. అప్పటికి మన ఇళ్లల్లో సినిమాలకీ, సీరియల్సుకీ, పాటలకీ కలిపి పదకొండు స్ట్రీమింగ్ సర్వీసులు. వీడియోలో అన్నిటికంటే పెద్దది తారంగం. పాటల్లో పెద్దది స్వరఝరి. ఆ తరవాత బయోస్కోప్ ప్లస్, వెండితెర గో, ఇలా చేంతాడంత జాబితా. ఎవరికి వాళ్లే మేమే నంబర్ వన్ అంటారు. ఒకాయన మా దగ్గర సినిమాలెక్కువంటాడు, ఇంకొకాయన మా దగ్గర బొమ్మ స్పష్టంగా ఉంటుందంటాడు. కొనుక్కునేవాడికి ఏది మంచిదో తేలేదెలా? కూరగాయలైతే నొక్కి చూస్తాం. సీరియల్‌ని ఎక్కడ నొక్కుతాం చెప్పండి?

దమయంతి ఆ నొక్కే చోటు కనిపెట్టింది. టిఫిను డబ్బా మూతంత బిళ్ల. గోడకి అంటించేస్తే దాన్లోంచి సన్నటి రేడియో తరంగాలు వచ్చి, గదిలో కూర్చున్నవాళ్ల గుండెల మీద తగిలి వెనక్కి పోతాయి. దాంతో ఎవరి నాడి ఎలా కొట్టుకుంటోందో, ఎవరి ఊపిరి ఎలా ఆడుతోందో తెలిసిపోతుంది. కెమెరా లేదు, మైకూ లేదు, మన గుట్టు మనకే. మనం ఊరికే కళ్లప్పగించి చూస్తున్నప్పుడు ఊపిరి దాని దారిన అది పోతుంది. నిజంగా కథలో పడ్డామా, ఊపిరి కథతో పాటు ఆగుతుంది, కథతో పాటు వదులుతుంది. పొయ్యి మీద పాలు, రేపటి పని, నడుంనొప్పి అన్నీ మరిచిపోయి మనిషి ఒక్క నిమిషం ఉంటే దాన్ని ఒక ‘లీనం’ అంది దమయంతి. అంటే గంటకి మహా అయితే అరవై. ఆ సమయంలో ఏ సర్వీసు నడుస్తోందో టీవీ పెట్టెకి తగిలించిన ఇంకో ముక్క పక్క గడిలో రాసుకుంటుంది. అంతే, ఇందులో మాయేం లేదు.

ఇన్నూరు ఇళ్లల్లో పెట్టి మూడు నెలలు చూశారు. తారంగానికి గంటకి తొమ్మిది లీనాలొచ్చాయి. అంత పెద్ద సర్వీసుకి తొమ్మిదేనా అంటారేమో, ఆ గంటలో ముప్పావు వంతు ఏం చూద్దామా అని వెతుక్కోవడానికే సరిపోతోంది మరి. స్వరఝరికి పదకొండు. పాటలో ఉన్న సుఖమే అది, దోసె తిరగేస్తుంటే మధ్యలో వచ్చి పట్టేసుకుంటుంది. బయోస్కోప్ ప్లస్‌కి ఏడు. వెండితెర గోకి పాపం మూడు.

జగన్నాథపురంలో ఆరిళ్ల వరస అనే చోట, లోవలక్ష్మి అనే ఆవిడ ముందుగదిలో పెట్టిన మీటరుకి మాత్రం యాభై ఏడు. అదీ రోజూ సాయంత్రం నాలుగింటికి. పక్కనున్న సర్వీసు గడి ఖాళీ. టీవీ నల్లగా ఉంది.

ఆదివారం పొద్దున్న టౌన్‌హాల్లో వీక్షకుల సంఘం సభ. దమయంతి మీటరుని ఊరంతటికీ తూకంరాయిగా ఒప్పుకోవాలా వద్దా అని తేల్చేది అక్కడే. ఒక్క మీటరు తప్పు చెప్పిందని రుజువైనా ఇన్నూరూ కొట్టేస్తామని సంఘం ముందే కాగితం ఇచ్చింది. ఆరేళ్ల కష్టం ఆవిడది. కంపెనీల వాళ్లేమో ఆ ఒక్క తప్పు కోసం కళ్లల్లో ఒత్తులేసుకుని ఉన్నారు.

ఆ ఒక్కటి తీసేసి నూట తొంభై తొమ్మిదే చూపిద్దామండీ అన్నాడు సుభాని. ఆవిడ ఒప్పుకోలేదు. గురువారం మూడున్నరకి ఇద్దరూ జగన్నాథపురం బయల్దేరారు.

ఆ వరస ఆడవాళ్లంతా రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేస్తారు. మూడింటికి షిఫ్టు దిగి, మొహాలు కడుక్కుని, చింతపండు చేటలు పట్టుకుని లోవలక్ష్మి ముందుగదిలోకి చేరతారు. కాలవ మీద గాలి ఆ గదికే బాగా తగులుతుంది. దమయంతికి ఒక పీట వేశారు. సుభాని గుమ్మంలో నిలబడ్డాడు.

అసలు కథేమిటంటే, ఒకప్పుడు ఒకరి పాస్‌వర్డు నలుగురు వాడుకునేవారు. కంపెనీలు దానికి మొహం తాళం వేశాయి. కట్టినవాళ్ల మొహం కనిపిస్తేనే తెరుచుకుంటుంది, పక్కింటి మొహం తొంగిచూసినా ఆగిపోతుంది. అప్పుడు ఈ వరసవాళ్లు కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నారు. ఆరిళ్లు, ఆరు సర్వీసులు. ఎవరిది వాళ్లు చూడాలి, సాయంత్రం వచ్చి మిగతా అయిదుగురికీ చెప్పాలి. మొహానికి తాళం వేశారు గాని నోటికి వెయ్యలేదు కదా!

ముందు వరహాలమ్మ తారంగం సంగతులు చెప్పింది. ఆ వరసలో పెద్దావిడ, నోరూ పెద్దదే. ఆవిడ చెబుతుంటే పక్కావిడ, మీ తారంగంలో మళ్లీ కవలపిల్లలేనా, పోయిన్నెలా అదేగా అని దెప్పింది. అందరూ నవ్వారు. సుభాని వెంట తెచ్చుకున్న చేతిమీటరు ఇరవై దగ్గర ఊగుతోంది.

తరవాత లోవలక్ష్మి చెప్పింది. ఆవిడ వంతుకొచ్చింది వెండితెర గో. కథ పేరు ‘రెండో లంగరు’. సింగపూరు రేవులో దెబ్బ తగిలి మతి పోగొట్టుకున్న ఓడ కెప్టెను, కాకినాడ రేవులో దిగి, తనదనుకుని వేరే ఇంటికి పోతాడు. ఆ ఇంట్లో ఒంటరి టైలరమ్మ. తలుపు తీసేసరికి వానలో తడిసి, ఒక చెప్పు కాలికీ ఒక చెప్పు చేతిలోనూ పెట్టుకుని నిలబడ్డాడు. “ఆలస్యమైందే, ఏమనుకోకు” అంటాడు. ఇరవై ఏళ్లుగా ఆ మాట ఆవిడతో అన్నవాళ్లే లేరు. పొమ్మనాలా, రమ్మనాలా?

చేటల్లో చింతగింజలు ఆగిపోయాయి. కాసేపటికి సుభాని చేతిమీటరు చూసుకుంటే యాభై ఎనిమిది. డాక్టరమ్మకి చూపిద్దామని తిరిగాడు. ఆవిడ పీట మీద ముందుకు వంగి, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. అతను పిలవలేదు.

దమయంతి లాబ్‌కి ఎగిరి గంతేసినట్టే వచ్చింది. మీటరు సరైనదే, ఖాళీ గడిలో వెండితెర గో అని రాసేస్తే సరిపోతుంది. పద్ధతి ప్రకారం ఆ సీరియల్ ఒకసారి చూసి రాద్దామని వెతికింది. వెండితెర గోలో ‘రెండో లంగరు’ లేదు. పేరు మార్చారేమోనని తారంగంలో వెతికింది, బయోస్కోప్ ప్లస్‌లో వెతికింది. పదకొండింట్లోనూ లేదు.

మర్నాడు లోవలక్ష్మి ఒక్కతే ఉన్నప్పుడు వెళ్లి అడిగింది. ఆవిడ వెళ్లి తలుపు దగ్గరగా వేసొచ్చింది.

జరిగిందేమిటంటే, పది నెలల క్రితం ఆవిడ పళ్లు ఊడిపోతే కట్టుడు పళ్లు పెట్టించుకుంది. మొహం కొంచెం మారింది. వెండితెర గో తాళం, నువ్వు నువ్వు కాదు పొమ్మంది. ఫోన్ చేస్తే అవతలి గొంతు, పాత మొహంతో మళ్లీ ప్రయత్నించండి అంది. పాత మొహం ఎక్కణ్ణుంచి తెస్తుంది? చందా ఆగిపోయింది. వరసలో అయిదుగురూ చెబుతుంటే తను ఉత్తచేతుల్తో ఎలా కూర్చోవాలో తెలియక, ఆ సాయంత్రానికి ఏదో అల్లి చెప్పింది. మర్నాడు ఆపలేకపోయింది.

“ఇది తెలిస్తే నన్ను వరసలోంచి తీసేత్తారండి. పది నెలల్నుంచి అబద్ధం తినిపించానంటారు. మీ కాగితంలో రాయకండి, మీకు దణ్ణం పెడతాను.”

దమయంతి రాయనని మాటిచ్చింది. ఆ మాట తన మీటరుని ముంచేస్తుందని తెలిసే ఇచ్చింది.

ఆదివారం టౌన్‌హాలు కిక్కిరిసిపోయింది. మీటర్లు పెట్టిన ఇళ్లవాళ్లందరికీ పిలుపు వెళ్లింది కాబట్టి ఆరిళ్ల వరసా వచ్చి మూడో బెంచీలో కూర్చుంది. తారంగం తరఫున కౌశిక్ అనే చురుకైన కుర్రాఫీసరు లేచాడు. మాట మెత్తగా ఉంటుంది, కోత గట్టిగా ఉంటుంది. నూట నలభై మూడో ఇంట్లో చందాయే లేదనీ, టీవీ ఆపి ఉన్న ఇంట్లో ఆనందం కొలిచిన యంత్రాన్ని నమ్మితే రేపు మనం గోడలకీ స్తంభాలకీ కూడా మార్కులివ్వాల్సి వస్తుందనీ అన్నాడు. హాలంతా నవ్వింది.

“దీనికి మీ సమాధానం?” అని అధ్యక్షుడు దమయంతిని అడిగాడు.

“మీటరు సరైనదే. కారణం నాకు తెలుసు. చెప్పే హక్కు నాకు లేదు.”

కారణం లేకుండా ఎలాగమ్మా అని ఆయన విచారంగానే కలం తీశాడు. సుభాని తల దించుకున్నాడు.

అప్పుడు మూడో బెంచీలో లోవలక్ష్మి లేచింది. చీర చెంగు రెండు చేతుల్తో నలుపుకుంటూ, పళ్ల దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పేసింది. ఎక్కడా దాచుకోలేదు. వెండితెర గో చూసి పది నెలలైందంది. కెప్టెను లేడంది. అంతా తన నోట్లోంచి వచ్చిందేనంది. చెప్పి, వరహాలమ్మ వంక చూడలేక కిటికీ వంక చూసింది.

వరహాలమ్మ నెమ్మదిగా లేచింది.

“అంటే ఆ కెప్టెనే లేడా?”

“లేడు పిన్నీ.”

“టైలరమ్మ?”

“ఆవిడా లేదు.”

వరహాలమ్మ ముందు బెంచీ పట్టుకుని ముందుకు వంగింది. “అది సరేనే. నిన్న ఆ సింగపూరు ఉత్తరం ఆవిడ కుట్టుమిషను సొరుగులో దాచేసింది కదా. అది వాడి కంట పడుతుందా పడదా?”

“ఇంకా అనుకోలేదు.”

“అయితే కూర్చుని అనుకో. నిన్ను తీసేసి ఎవర్ని పెట్టుకోమంటావు, ఆ కవలపిల్లల్నా?”

అధ్యక్షుడు తెలివైనవాడు, కలం మూతపెట్టి, ఆ ఉత్తరం సంగతి ఇక్కడే చెప్పమ్మా అన్నాడు. సుభాని హాలు గోడలకి నాలుగు బిళ్లలు అంటించి, వేదిక మీది తెరకి కలిపాడు. లోవలక్ష్మి మొదట తడబడింది, తరవాత హాలుని మరిచిపోయి ముందుగదిలో ఉన్నట్టే చెప్పింది. కెప్టెను సొరుగు లాగాడు, దారపు ఉండలు దొర్లాయి... మూడొందల మంది ఊపిరి ఒక్కసారి ఆగడం తెర మీద గీతలా కనిపించింది. ఆ మూడొందల్లో కౌశిక్ కూడా ఒకడు. పాపం, చేతిలో కాగితాలు జారిపోయినా వంగి తీసుకోలేదు.

మీటరు నెగ్గింది. సంఘం జాబితా అచ్చువేసింది. మొదటి స్థానంలో సర్వీసు పేరుండాల్సిన చోట ‘ఇరుగుపొరుగు’ అని వేసి, చాలా కిందగా స్వరఝరికి రెండో స్థానం, తారంగానికి మూడో స్థానం ఇచ్చింది.

ఇక చూడండి ఊరి వేషాలు. వీధి వీధికీ జనం సర్వీసులు పంచేసుకోవడం మొదలుపెట్టారు. టు-లెట్ బోర్డుల మీద రెండు గదులు, కొళాయి, బాగా చెప్పే పొరుగువారు కలరు అని రాశారు. కంపెనీలు బెదిరిపోయి మొహం తాళాలు తీసేసి, ఒక్క చందా మీద పదిళ్లు చూసుకోండి బాబూ అన్నాయి. లోవలక్ష్మి కొత్త మొహానికి వెండితెర గో తనంతట తనే తెరుచుకుంది. ఆవిడ రెండు రోజులు చూసి, టైలరమ్మకి ఆలస్యమైపోతోందని కట్టేసింది.

దమయంతి ఊరికి ఏ సర్వీసు గొప్పదో చెప్పే యంత్రం చేసింది. అది ఎంత బాగా చెప్పిందంటే, అడగడానికి ఎవరూ రావడం మానేశారు. ఆవిడకి సాయంత్రాలు ఖాళీ. ఆరిళ్ల వరసలో ఒక వాటా ఖాళీ అయితే వచ్చి చేరింది. చేరినవాళ్లకి ఒక సర్వీసు చూసి చెప్పే బాధ్యత ఉంటుందిగా, ఎవరూ తీసుకోని సైన్స్ డాక్యుమెంటరీల సర్వీసు ఆవిడకి అంటగట్టారు.

మొదటిరోజు తిమింగలం గురించి చెప్పింది. పొడవు ఎంత, బరువు ఎంత, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుంది, అన్నీ ఆధారాలతో సహా. ఒకావిడ ఆవలించింది. చింతగింజలు టకటకా పడుతూనే ఉన్నాయి.

“డాక్టరమ్మా, గుండె సంగతి తరవాత చెబుదువుగాని,” అంది వరహాలమ్మ, “ఆ తిమింగలానికి పిల్లలున్నారా?”

డాక్యుమెంటరీలో ఆ విషయం లేదు. ఆధారం లేనిది ఒక్క ముక్క ఎన్నడూ మాట్లాడని మనిషి దమయంతి. చేటలోంచి ఒక చింతపండు రెబ్బ తీసుకుని అటూ ఇటూ తిప్పింది. లోవలక్ష్మి వంక చూసింది. లోవలక్ష్మి కొత్త పళ్లన్నీ కనిపించేలా నవ్వి, కానివ్వండి అన్నట్టు తలూపింది.

“ఇద్దరు,” అంది దమయంతి. “పెద్దది మాట వినదు.”