పెదవి మీద వేలు

“ఆ కొత్త మిషన్లేవో లైబ్రరీలోకి తెస్తున్నారన్నావు. చుట్టూ అంతా కాగితమే. నిప్పంటుకుంటే బయటికి రావడానికి రెండో తలుపుందా అసలు?”

అమ్మాయి చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ నిట్టూర్చింది. “అమ్మా, అవి ట్యాబులు. మతాబులు కావు.”

“కీడెంచి మేలెంచమన్నారు,” అంటూ తల్లి గొడుగు చేతికిచ్చింది.

తల్లి ఎంచిన కీడు నిప్పు. వచ్చింది మాత్రం ప్లగ్గు సారు.

అమ్మాయి పెద్దపిల్లల బడిలో లైబ్రేరియన్. వీధికి అవతల చిన్నపిల్లల బడిలో లైబ్రరీ చూసే కుర్రవాడే ఈ ప్లగ్గు సారు. రెండు బడులూ ఒకే యాజమాన్యానివి. ఇకనుంచి ఇద్దరూ పెద్దబడి లైబ్రరీలోనే కలిసి పనిచేయాలనీ, ఏ టీచరు ఏ పాఠం చెప్పబోతున్నా పుస్తకాలు ఆమె, ట్యాబులూ తెరా అతనూ సిద్ధం చేయాలనీ హెడ్‌మిస్ట్రెస్ తేల్చి చెప్పింది. అతను గదిలో అడుగు పెడుతూనే, నమస్కారమైనా పెట్టకుండా, “ప్లగ్ ఎక్కడుందండీ?” అన్నాడట. ఆ పూటకే అమ్మాయి నోట అతనికి ఆ పేరు ఖాయమైపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చిన అమ్మాయి బ్యాగు సోఫాలోకి విసిరింది.

“ప్లగ్ కనపడలేదని నిఘంటువుల అర మొత్తం ఖాళీ చేసి, మళ్లీ తోచినట్టు కూరేశాడమ్మా! తప్పు అరలో పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం. ఆ మాటే అంటే ఏమన్నాడో తెలుసా? ‘మీ పుస్తకాలకి ఛార్జింగ్ అక్కర్లేదు గానీ మేడమ్, మీరు మాత్రం ఎప్పుడూ ఫుల్ ఛార్జ్‌లో ఉంటారు’ అన్నాడు!”

తల్లి కంగారుగా దగ్గరికొచ్చింది. “నువ్వేమన్నావ్?”

“మీ ట్యాబుల్లా మధ్యాహ్నానికే నీరసించిపోను అన్నాను.”

“ఓరి దేవుడా! ఉద్యోగం ఊడుతుందే!”

ఉద్యోగం ఊడలేదు. రోజూ అన్నం ముందు కూర్చుని అతణ్ణి తిట్టడం మాత్రం ఆగలేదు. వైర్లు కాళ్లకు అడ్డం పడుతున్నాయి, టీచర్లొస్తే ముందు అతన్నే అడుగుతున్నారు, నవ్వితే గది గదంతా వినిపిస్తుంది. “పైగా మళ్లీ ఆ నీలం చొక్కానే వేసుకొచ్చాడు!” అని ఒకనాడు అమ్మాయి విసుక్కుంటే తల్లి చేతిలో గరిటె ఆగిపోయింది. నచ్చనివాడి చొక్కా రంగు ఎవరికి గుర్తుంటుంది? ఆ రాత్రి ఆమెకు కొత్త దిగులు పట్టుకుంది. ఇది ప్రేమైతే ఎలా? పోనీ, కాకపోతే ఎలా?

ఇంతలో సైన్సు టీచరు వాన ఎలా పుడుతుందో చెప్పే పాఠం వచ్చింది. దానికోసం ఇద్దరూ పిల్లీ ఎలుకా అయ్యారు. పుస్తకాలకు చిన్న స్టిక్కర్లు అంటిస్తే, వాటికి ట్యాబ్ చూపించగానే మేఘాల వీడియో వస్తుందని అతనన్నాడు. “రాసినవాళ్ల పేరు మీద అంటించారో, మీ నుదుటి మీద అంటిస్తాను,” అందిట ఈవిడ.

పాఠం రోజున నిజంగానే వాన పడింది. పిల్లలు పుస్తకం దగ్గర్నుంచి ట్యాబ్ దగ్గరికి, అక్కణ్ణుంచి కిటికీ దగ్గరికి పరుగులు. సైన్సు టీచరు మురిసిపోయింది. అమ్మాయి ఇంటికి తడిసొచ్చి, తల తుడుచుకోకుండానే చెప్పింది. “అయ్యాక ప్రతి పుస్తకం దాని అరలోనే పెట్టాడమ్మా. ఒక్కటీ తప్పలేదు.”

ఇంకేదో చెప్పబోయి ఆగింది. ఆ మరునాటి నుంచి ఇంట్లో తిట్లు లేవు. తల్లికి అన్నం సయించలేదు. తిట్లకైతే అలవాటు పడింది గానీ, ఈ మౌనం ఏ జబ్బుకి మొదలో!

వారం దాటాక ఇక ఆగలేక నిలదీసింది. “ఏం జరిగిందే?”

“ఏం జరగలేదు. అతను మాట్లాడటం మానేశాడు. పాఠమైన రోజు అరల మధ్య నిలబడి, ‘మేడమ్, బడయ్యాక కూడా, అంటే, జీవితమంతా మనిద్దరం…’ అన్నాడు.”

“అంటే?”

“పెదవి మీద వేలు పెట్టి ష్ అన్నాను.”

తల్లి నెత్తి కొట్టుకుంది. “పెళ్లి మాట ఎత్తినవాణ్ణి నోరు మూసుకోమన్నావా!”

“లైబ్రరీలో గొంతు లేస్తే నా వేలు దానంతటదే లేస్తుందమ్మా! ఏళ్ల అలవాటు!”

“ఆ మాటే అతనికి చెప్పొచ్చుగా?”

“నేనొస్తే తెర వెనక్కి పోతాడు. ప్లగ్ ఎక్కడని కూడా అడగడం లేదు.” అమ్మాయి ముఖం పక్కకు తిప్పుకుంది. “సోమవారం నుంచి తన బడికే వెళ్లిపోతానని హెడ్‌మిస్ట్రెస్‌కి చెప్పేశాడట. పోనీ! నేనెందుకు బతిమాలాలి?”

“ఉప్పు తక్కువైందని పొయ్యి ఆర్పేసుకునే రకాలు మీరిద్దరూ!” అంది తల్లి ఒళ్లుమండి.

మరునాడు అమ్మాయి ఎంత వెతికినా గొడుగు దొరకలేదు. దొరకదు మరి, బియ్యం డబ్బా వెనక ఉంది. మధ్యాహ్నం చినుకులు మొదలవగానే తల్లి ఆ గొడుగు వేసుకుని బడికి బయల్దేరింది. లైబ్రరీలోకి రాగానే చుట్టూ చూసింది. రెండో తలుపుంది. కాస్త ఊపిరి పీల్చుకుంది.

పిల్లలు బల్లల దగ్గర తలలు వంచుకుని చదువుకుంటున్నారు. మూల నీలం చొక్కా కుర్రవాడు వైర్లు చుట్టి అట్టపెట్టెలో పెట్టుకుంటున్నాడు.

“నాయనా!” అంది తల్లి, పక్కవీధికి వినపడే తన మామూలు గొంతుతో. “ప్లగ్గు సారంటే నువ్వేనా?”

బల్ల వెనక నుంచి అమ్మాయి వేలు చటుక్కున పెదవి మీదికి లేచింది. “ష్!”

“చూశావా!” తల్లి అతని వైపు తిరిగింది. “కనిపెంచిన తల్లిననైనా చూడలేదు! ఎవరు నోరు తెరిచినా దాని వేలు ఇలాగే లేస్తుంది బాబూ. అది నీకిచ్చిన జవాబు కాదు. దాని జబ్బు!”

అతని చేతిలో వైరు అలాగే ఆగిపోయింది. “ప్లగ్గు సారా?” అన్నాడు మెల్లగా, అమ్మాయి వైపు చూస్తూ. ఆమె ముఖం ఎర్రబడింది.

అతను బల్ల దగ్గరికొచ్చాడు. ఈసారి లైబ్రరీకి తగ్గ గొంతుతోనే అడిగాడు. “అయితే నా ప్రశ్న ఇంకా అలాగే ఉందన్నమాట. మీరు ఊఁ అంటే ఈ వైర్లు మళ్లీ బిగిస్తాను. అవీ, నేనూ, ఇక్కడే ఉండిపోతాం.”

అమ్మాయి బల్ల మీది పుస్తకాన్ని అటూ ఇటూ జరిపింది. కిటికీ మీద చినుకులు జారుతున్నాయి. ఫ్యాను కిర్రుమంటోంది. కాదంటుందేమో, అతను పెట్టె ఎత్తుకుని ఆ రెండో తలుపులోంచి వెళ్లిపోతాడేమో అని తల్లి గొడుగు పిడిని గట్టిగా పట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె అంతసేపు నోరు మూసుకుని ఉండటం అదే మొదలు.

అమ్మాయి వేలు మళ్లీ పైకి లేచింది. పెదవి దాకా వచ్చింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని కిందికి దించుకుంది.

“బిగించండి!”

తను అనుకున్నదానికన్నా గట్టిగా అనేసింది. బల్లల దగ్గర పిల్లలంతా ఒక్కసారే తలెత్తి, పెదవుల మీద వేళ్లు పెట్టి, మేడమ్ వైపు కోపంగా చూశారు.